యుద్ధ చిత్రాలు – ప్రేక్షకుని ధర్మం: స్త్రీపర్వం వెలుగులో ఒక పరిశీలన

యుద్ధాన్ని కథగా చూసి ఆనందించడం ధర్మమేనా అన్న ప్రశ్న సినిమాతో పుట్టింది కాదు. మహాభారతం భీష్మపర్వం ఆరంభంలోనే అది ఎదురవుతుంది. యుద్ధానికి ముందు వ్యాసుడు ధృతరాష్ట్రుడి దగ్గరకు వచ్చి, రణరంగాన్ని చూడదలిస్తే కంటిచూపు ప్రసాదిస్తానంటాడు. జ్ఞాతివధను కళ్లారా చూడలేననీ, జరిగింది జరిగినట్లు వింటే చాలుననీ ధృతరాష్ట్రుడు బదులిస్తాడు. అప్పుడు సంజయుడికి దివ్యదృష్టి లభిస్తుంది. పుట్టుగుడ్డి అయినవాడు చూపు ఇస్తానంటే వద్దనడం ఒక వింత. చూడను గాని వింటానని అనడం అంతకంటే పెద్ద వింత. రక్తం కంటబడకూడదు, కథ మాత్రం తప్పిపోకూడదు. యుద్ధ చిత్రానికి టిక్కెట్టు కొనుక్కున్న ప్రతి ప్రేక్షకుడిలోనూ ఈ రాజు ఎంతో కొంత ఉంటాడు.

ఆ యుద్ధాన్ని దూరం నుంచి చూసిన మరో వ్యక్తి గాంధారి. స్త్రీపర్వంలో ఆమెకూ దివ్యదృష్టి కలుగుతుంది. అప్పటికి శంఖధ్వనులు ఆగిపోయాయి. ఎవరు గెలిచారో తేలిపోయింది. గంతలు కట్టుకున్న ఆ కళ్లకు కనిపించేవి శవాలు, వాటి కోసం తిరుగుతున్న నక్కలు, గద్దలు, శవాల మధ్య తమవాళ్లను వెదుక్కుంటున్న స్త్రీలు. ఆమె ఒక్కొక్కరినీ పేరు పెట్టి గుర్తిస్తుంది. తన కొడుకులను మాత్రమే కాదు. అభిమన్యుడి దేహం పక్కన కూర్చుని విలపిస్తున్న ఉత్తరను కూడా చూస్తుంది. చూడడమే కాక, ఆ పిల్ల ఏం చేస్తున్నదో కృష్ణుడికి చూపిస్తుంది. అభిమన్యుడు శత్రుపక్షం వాడన్న సంగతి ఆ క్షణాన ఆమె చూపును మళ్లించలేదు.

ధృతరాష్ట్రుడు సంజయుణ్ణి అడిగేది తనవాళ్లూ పాండుపుత్రులూ ఏం చేశారన్నది. గాంధారి చూపులో ఉన్న ప్రశ్న వేరు: ఇక్కడ పడి ఉన్నది ఎవరు, పక్కన ఏడుస్తున్నది ఎవరు? మొదటి ప్రశ్నతో లోపలికి వచ్చిన ప్రేక్షకుణ్ణి రెండో ప్రశ్న దాకా నడిపించగలిగిన యుద్ధ చిత్రమే చూడదగిన చిత్రమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. చిత్రీకరణలోని నైపుణ్యం, చరిత్రకు విధేయత, నటన, సంగీతం వంటివి ముఖ్యమైనవే. అయితే ఇవన్నీ పుష్కలంగా ఉండి కూడా ధృతరాష్ట్రుడి ప్రశ్న దగ్గరే ఆగిపోయిన చిత్రాలు కొల్లలు.

రంగస్థలం మీద వద్దన్నది తెర మీదికి వచ్చినప్పుడు

యుద్ధాన్ని చూపడంలోని ప్రమాదాన్ని భారతీయ నాట్యసంప్రదాయం తొలినాళ్లలోనే పసిగట్టింది. యుద్ధం, రాజ్యభ్రంశం, మరణం, నగర ముట్టడి వంటివాటిని అంకంలో ప్రత్యక్షంగా చూపరాదనీ, ప్రవేశకాల ద్వారా తెలియజేయాలనీ నాట్యశాస్త్రం నియమం పెట్టింది. ఆయుధ ప్రయోగం చూపవలసి వస్తే నరకడం, పొడవడం, నెత్తురు చిందించడం కూడదు, సంజ్ఞతో సరిపెట్టాలి. దీన్ని కేవలం మర్యాదగానో, రంగస్థల సౌకర్యంగానో చూసినవారున్నారు. ఇందులో ప్రేక్షకుడి మనస్సు గురించిన ఒక అవగాహన కూడా ఉందనుకోవచ్చు. దెబ్బ కళ్ల ముందు పడితే చూపు దెబ్బ దగ్గరే చిక్కుకుంటుంది. దెబ్బ తిన్న మనిషి దాకా వెళ్లదు.

ఆ నియమాన్ని ఉల్లంఘించిన నాటకం ఊరుభంగం ఏ మేరకు ఉల్లంఘించిందో గమనించడం అవసరం. 1912 నుంచి తిరువనంతపురంలో టి. గణపతిశాస్త్రి ప్రకటించిన నాటకాలలో ఇది ఒకటి, భాసుడిదిగా ప్రసిద్ధం. భీమదుర్యోధనుల గదాయుద్ధం ఇందులో రంగం మీద జరగదు. భటులు దాన్ని చూస్తూ వర్ణిస్తారు. రంగం మీదికి వచ్చేది తొడలు విరిగి నేల మీద దేకుతున్న దుర్యోధనుడు. మరణం కూడా రంగం మీదే సంభవిస్తుంది. ఈ రెంటి మధ్య చిన్న కొడుకు దుర్జయుడు వచ్చి అలవాటు ప్రకారం తండ్రి ఒడిలో కూర్చోబోతాడు. కూర్చోవడానికి తొడ లేదు. గదాఘాతాన్ని కళ్లకు చూపని నాటకకర్త దాని అర్థాన్ని ఒక పసివాడి చేత అడిగించాడు. రాయబారంలోనూ ద్యూతసభలోనూ దుర్యోధనుణ్ణి ద్వేషించిన ప్రేక్షకుడు ఇక్కడ ఆ ద్వేషాన్ని ఎక్కడ దాచుకోవాలో తెలియక తడబడతాడు.

సినిమా ఈ కట్టుబాట్లేవీ లేకుండా పుట్టింది. కెమెరా చూపకుండా ఉండడం కంటే చూపడం తేలిక. పైగా యుద్ధంలో చలనం ఉంది, వేగం ఉంది, పొగ, నిప్పు, ధ్వని ఉన్నాయి; కళగా సినిమాకు ఇష్టమైనవన్నీ ఉన్నాయి. ఫ్రెంచి దర్శకుడు ఫ్రాన్సువా త్రూఫో అసలైన యుద్ధవ్యతిరేక చిత్రాన్ని తాను చూడనేలేదనీ, యుద్ధం గురించిన ప్రతి చిత్రమూ చివరకు యుద్ధానికే కొమ్ము కాస్తుందనీ 1970లలో అభిప్రాయపడినది ఇందువల్లనే. ఆ మాటను అతిశయోక్తిగా కొట్టిపారేయడానికి వీల్లేదు. అమెరికన్ మెరైన్ సైనికుడు ఆంథొనీ స్వోఫర్డ్ 2003లో వెలువరించిన ‘జార్‌హెడ్’ అనే స్మృతిగ్రంథంలో దీనికి ప్రత్యక్ష సాక్ష్యం ఉంది. 1990 ఆగస్టులో ఇరాక్ కువైట్‌ను ఆక్రమించిందని తెలియగానే తన దళం వియత్నాం యుద్ధ చిత్రాల టేపులు తెప్పించుకుని రోజుల తరబడి చూసిందని ఆయన రాశాడు. ఆ యుద్ధం ఎంత ఘోరమో చెప్పడానికి తీసిన సినిమాలను చూసి ఆ యువకులు యుద్ధానికి ఉవ్విళ్లూరారు. ఈ గ్రంథం ఆధారంగా 2005లో వచ్చిన సినిమాలో, ‘అపొకలిప్స్ నౌ’ (1979) లోని హెలికాప్టర్ల దాడి ఘట్టానికి సైనికులు కేరింతలు కొడుతూ వంతపాడే సన్నివేశం ఉంది.

ఆ ఘట్టాన్ని కొప్పోలా ఎలా తీశాడో చూస్తే చిక్కు మరింత స్పష్టమవుతుంది. ఆకాశంలో హెలికాప్టర్లు, వాటి నుంచి మోగే వాగ్నర్ సంగీతం. మధ్యలో ఒక్కసారిగా నిశ్శబ్దం. వియత్నాం పల్లెలో బడి ముంగిట పిల్లలు. అంటే గాంధారి చూపు ఆ చిత్రంలో లేకపోలేదు. కొన్ని క్షణాల పాటు ఉంది. కానీ సంగీతం మళ్లీ అందుకునే సరికి ప్రేక్షకుడు హెలికాప్టర్‌లోనే ఉంటాడు, బడిలో కాదు. అలంకారశాస్త్ర పరిభాషలో చెప్పాలంటే, ఉత్సాహం అనే స్థాయిభావానికి అందిన ఉద్దీపనలో పదోవంతైనా శోకానికి అందలేదు. దర్శకుడి ఉద్దేశం ఏదైనా రసం ఎటు మొగ్గాలో అటు మొగ్గింది.

అయితే తప్పంతా చిత్రానిదే అనడం కూడా సరికాదు. అభినవగుప్తుడు సహృదయుడికి ఒక అర్హత నిర్దేశించాడు. కావ్యాభ్యాసం వల్ల మనస్సనే అద్దం నిర్మలమై ఉండాలన్నాడు. మసిబారిన అద్దంలో ఎంతటి దృశ్యమైనా మసకగానే కనిపిస్తుంది. యుద్ధానికి బయలుదేరబోతున్న ఇరవై ఏళ్ల సైనికుడికి ఆ నైర్మల్యం ఉండాలని కోరడం అన్యాయమే కావచ్చు. హైదరాబాదులోనో విజయవాడలోనో చల్లని హాల్లో కూర్చుని ఈలలు వేసే ప్రేక్షకుడికి ఆ సాకు లేదు.

వీరరసం, దాని మరుపు

వీరరసాన్ని నిరసించడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. పల్నాటి వీరగాథను గానం చేస్తుంటే రోమాంచితమయ్యే శ్రోత అనాగరికుడేమీ కాడు. కార్తీకంలో కారంపూడిలో జరిగే వీరారాధన ఉత్సవాలు కేవలం ఉత్సాహ ప్రదర్శనలు కావు. అక్కడ వీరుల ఆయుధాలకు పూజ జరుగుతుంది. చనిపోయినవారిని తలచుకోవడం ప్రధానం. అంటే వీరరసం శోకాన్ని వెంటబెట్టుకునే వచ్చింది. బాలచంద్రుడి కథలో మాంచాల, ఐతమ్మల ఘట్టాలు శౌర్యఘట్టాలంత బలంగా నిలిచినది ఇందుకే.

బొబ్బిలి కథలో పరిస్థితి అంత సరళం కాదు. 1757 జనవరిలో బుస్సీ సేనలు, విజయనగరం సేనలు కోటను ముట్టడించినప్పుడు, కోట పడిపోక తప్పదని తేలాక లోపలి స్త్రీలనూ పిల్లలనూ వారి మనుషులే చంపారని చరిత్ర చెబుతున్నది. ఆ తరువాత తాండ్ర పాపారాయుడు విజయరామరాజు గుడారంలో ప్రవేశించి అతణ్ణి చంపడం తెలుగునాట బుర్రకథగా, నాటకంగా, 1964లో సినిమాగా ప్రసిద్ధికెక్కింది. కథ విన్నవారిని అడిగితే పాపారాయుడి ప్రతీకారం చెబుతారు. తమవారి చేతుల్లోనే ప్రాణాలు పోగొట్టుకున్న ఆ స్త్రీలలో, పిల్లలలో ఎందరి పేర్లు చెప్పగలరు? ప్రతీకారం కథకు గొప్ప ముగింపు. దాని గొప్పతనమే దాని ముందున్నదాన్ని మరిపిస్తుంది. ఇది బొబ్బిలి కథకుల లోపమని తీర్పు చెప్పడం కంటే, ప్రతీకారంతో ముగిసే యుద్ధకథలన్నింటికీ ఉండే స్వభావమని గ్రహించడం సమంజసం.

ఇక్కడే 1959 నాటి సోవియట్ చిత్రం ‘బ్యాలడ్ ఆఫ్ ఎ సోల్జర్’ ప్రాముఖ్యం తెలుస్తుంది. దర్శకుడు గ్రిగోరి చుఖ్రాయ్ స్వయంగా రెండో ప్రపంచయుద్ధంలో పోరాడినవాడు. చిత్రం మొదట్లోనే ఒక తల్లి ఊరి బయట దారి చివర నిలబడి ఉంటుంది. ఆమె కొడుకు అల్యోషా యుద్ధం నుంచి తిరిగి రాలేదని కథకుడి గొంతు చెప్పేస్తుంది. ‘బతుకుతాడా, చనిపోతాడా’ అన్న ఉత్కంఠను దర్శకుడు తొలి నిమిషాల్లోనే తీసి పక్కన పెట్టాడు. భీష్మపర్వంలో సంజయుడూ ఇదే చేస్తాడు: పదో రోజున వచ్చి ముందు భీష్ముడు పడిపోయాడని చెప్పి, ఆ తరువాతే కథ మొదలుపెడతాడు. ఫలితం ముందే తెలిసినా ధృతరాష్ట్రుడి ఆశ చావదు. ప్రతి సేనాపతి పతనం తరువాతా అదే ప్రశ్న వేస్తాడు. చుఖ్రాయ్ ప్రేక్షకుడికి ఆ అవకాశం ఇవ్వలేదు.

అల్యోషా వయస్సు పందొమ్మిదేళ్లు. రెండు ట్యాంకులను ధ్వంసం చేస్తాడు. భయంతోనే చేశానని సేనాధిపతి ముందు దాపరికం లేకుండా ఒప్పుకుంటాడు. పతకం బదులు ఇంటికి వెళ్లడానికి సెలవు అడుగుతాడు. తల్లిని చూడాలి, కురుస్తున్న ఇంటికప్పు బాగుచేయాలి. ఆరు రోజులు దొరుకుతాయి: పోవడానికి రెండు, ఉండడానికి రెండు, రావడానికి రెండు. దారిలో ఎదురైనవారి కష్టాలకు ఆ రోజులు కరిగిపోతాయి. ఒక సైనికుడు తన భార్యకు ఇమ్మని రెండు సబ్బులు పంపుతాడు. ఆమె మరొకరితో కాపురం చేస్తున్నదని తెలిసి, ఇచ్చిన సబ్బులను అల్యోషా తిరిగి తీసుకుని ఆ సైనికుడి తండ్రికి ఇస్తాడు. యుద్ధకాలంలో సబ్బు ఎంత విలువైనదో, నమ్మకం ఎంత విలువైనదో ఒకేసారి తెలిపిన ఘట్టమిది. చివరకు ఇల్లు చేరే సరికి మిగిలినవి కొద్ది నిమిషాలు. తల్లి పొలం నుంచి పరుగెత్తుకుంటూ వస్తుంది. కావలించుకుంటారు. కప్పు అలాగే ఉంటుంది. యుద్ధరంగం చిత్రంలో ఒక చిన్న భాగమే. అయినా దీన్ని యుద్ధ చిత్రం కాదనడానికి ఎవరికీ నోరు రాదు.

‘చంపండి’ నుంచి ‘చూడు’ దాకా

యుద్ధ చిత్రాలలో అత్యంత కఠినమైన పరీక్షకు నిలిచినది ఎలెమ్ క్లీమోవ్ తీసిన ‘కమ్ అండ్ సీ’ (1985). బాల్యయౌవనాల సంధిలో బెలారూస్ గెరిల్లా దళాలలో పోరాడిన రచయిత అలెస్ అదమోవిచ్ దీనికి క్లీమోవ్‌తో కలిసి రచన చేశాడు. ఈ చిత్రానికి మొదట అనుకున్న పేరుకు ‘హిట్లర్‌ను చంపండి’ అని అర్థం. అధికారుల అభ్యంతరాల మధ్య చిత్రనిర్మాణం ఏళ్ల తరబడి ఆగిపోయి, చివరకు బైబిల్ ప్రకటన గ్రంథం నుంచి తీసుకున్న ‘వచ్చి చూడు’ అన్న అర్థమిచ్చే పేరు స్థిరపడింది. రెండూ ఆజ్ఞలే. మొదటిది సైనికుడికి ఇచ్చే ఆజ్ఞ, రెండోది ప్రేక్షకుడికి. పేరు మార్పు వెనుక కారణాలు పరిపాలనాపరమైనవే అయినా, చిత్రం ధర్మం ఆ మార్పుతోనే తేటపడింది.

కథ 1943 నాటి బెలారూస్‌లో జరుగుతుంది. ఫ్ల్యోరా అనే కుర్రవాడు ఇసుకలో పాతుకుపోయిన తుపాకీని తవ్వి తీసి ఉత్సాహంగా గెరిల్లాలలో చేరతాడు. ఇక్కడి దాకా ఇది వీరరస ప్రారంభమే. కొన్ని రోజులకు గ్లాషా అనే అమ్మాయితో కలిసి ఊరికి తిరిగి వస్తాడు. ఇంట్లో ఎవరూ ఉండరు. పొయ్యిలో సూప్ ఇంకా వెచ్చగా ఉంది. నేల మీద బొమ్మలు వరుసగా పడి ఉన్నాయి. ఈగలు ముసురుతున్నాయి. అందరూ ఎక్కడున్నారో తనకు తెలుసంటూ ఫ్ల్యోరా పరుగుతీస్తాడు. వెంట పరుగెడుతున్న గ్లాషా ఒక్కసారి వెనక్కి తిరిగి చూస్తుంది. ఇంటి వెనుక గోడ వారన శవాల గుట్ట. తెర మీద అది కనిపించేది కొద్ది క్షణాలే. ఫ్ల్యోరా చూడలేదు, గ్లాషా చూసింది, ప్రేక్షకుడు చూశాడు. ఆ తరువాత చాలా సేపటి దాకా కుర్రవాడికి తెలియని సంగతిని మోయవలసిన బాధ్యత ప్రేక్షకుడి మీద పడుతుంది. నాట్యశాస్త్రం కోరిన నిగ్రహం ఇక్కడ నియమంగా కాక కళగా పనిచేసింది.

ఊరి జనాన్ని కొట్టంలోకి తోసి నిప్పుపెట్టే ఘట్టంలో మాత్రం అటువంటి దాపరికం లేదు. అది ముగిశాక జర్మన్ సైనికులు ఫ్ల్యోరా కణతకు పిస్తోలు ఆనించి అతనితో ఫొటో దిగుతారు. వారికి ఆ రోజు ఒక జ్ఞాపకచిత్రం కావాలి. యుద్ధాన్ని బొమ్మగా దాచుకునేవాడు, చూసి ముచ్చటపడేవాడు చిత్రం లోపలే ఉన్నాడన్నమాట. ప్రేక్షకుడు తాను ఏ కెమెరా వెనుక ఉన్నాడో చూసుకోక తప్పదు. బెలారూస్‌లో 628 గ్రామాలను ప్రజలతో సహా తగలబెట్టారని చివర్లో అక్షరాలు వస్తాయి. ఆ సంఖ్య అప్పటికి సంఖ్యగా మిగలదు. ఒక్క గ్రామాన్ని చూసిన కళ్లు మిగిలిన వాటిని లెక్కపెట్టలేవు.

క్లింట్ ఈస్ట్‌వుడ్ ‘లెటర్స్ ఫ్రమ్ ఇవో జిమా’ (2006) గాంధారి ఉత్తరను చూసిన చూపుకు దగ్గరగా వస్తుంది. గాయపడి జపాన్ సైనికులకు చిక్కిన అమెరికన్ కుర్రవాడు చనిపోయాక, అతని తల్లి రాసిన ఉత్తరాన్ని జపాన్ అధికారి తనవాళ్లకు చదివి వినిపిస్తాడు. అటువంటి మాటలే తమ తల్లులూ రాశారని వారు గ్రహిస్తారు. ఒక అమెరికన్ దర్శకుడు జపాన్ భాషలో, జపాన్ పక్షం నుంచి ఆ యుద్ధాన్ని చూడడం చిన్న విషయం కాదు.

తెలుగులో ఈ దిశగా జరిగిన ప్రయత్నాలు కొద్దివే. రెండో ప్రపంచయుద్ధం ముగిసేనాటికి భారత సైన్యం సుమారు 25 లక్షలకు చేరినా, అందులో తెలుగువారున్నా, వారి అనుభవం తెలుగు తెర మీదికి రావడానికి 2015 దాకా ఆగవలసి వచ్చింది. క్రిష్ తీసిన ‘కంచె’ ఇటలీ రణరంగాన్నీ, ఒక తెలుగు ఊళ్లో కులం పేరిట వేసిన కంచెనూ పక్కపక్కన నిలిపింది. పోరాట ఘట్టాలలో కొత్తదనం తక్కువ. కథానాయకుడి సంభాషణలు చెప్పవలసిన దానికంటే ఎక్కువ చెబుతాయి. అయినా శత్రువు సరిహద్దు అవతలే ఉంటాడన్న నమ్మకాన్ని ప్రశ్నించిన చిత్రంగా దాని విలువ తగ్గదు. 1971 డిసెంబరులో విశాఖపట్నం తీరానికి చేరువలో మునిగిపోయిన పాకిస్తాన్ జలాంతర్గామి మీద సంకల్ప్ రెడ్డి తీసిన ‘ఘాజీ’ (2017) ఉత్కంఠలో మరింత బిగువైన చిత్రం. ఇరుకైన ఇనుప గదుల్లో మనుషుల ఉక్కపోతను బాగా పట్టుకుంది. కానీ ఆ జలాంతర్గామిలోని 90 మందికి పైగా నావికులలో ఒక్కరూ ప్రాణాలతో బయటపడలేదు. ఆ శిథిలం ఇప్పటికీ విశాఖ సముద్రగర్భంలోనే ఉంది. విజయోత్సాహం ముగిసిన చోట కెమెరా ఒక్క నిమిషం నీళ్లలోకి తిరిగి ఉంటే తెలుగు సినిమాకు ఒక స్త్రీపర్వం దక్కేది. దేశభక్తికి దానివల్ల వచ్చే లోటేమీ లేదు. అభిమన్యుణ్ణి చూసినందుకు గాంధారి దుర్యోధనుడి తల్లి కాకుండా పోలేదు.

ఇంతచేసీ గాంధారి చూపును పవిత్రమైనదిగా నిలబెట్టి ఊరుకోవడానికి వీల్లేదు. ఆమె కట్టు సందుల్లోంచి చూపు సోకి ధర్మరాజు కాలిగోళ్లు నల్లబడ్డాయి. అంతటి శోకాన్ని చూసిన ఆమె కృష్ణుడి వంశం నశించాలని శపించింది. ముప్పై ఆరేళ్ల తరువాత యాదవస్త్రీలు మరో స్త్రీపర్వాన్ని చూడవలసి వచ్చింది. కరుణరసం రౌద్రానికి మెట్టు కాగలదు. తల్లుల కన్నీళ్లను తదుపరి యుద్ధానికి ఇంధనంగా వాడుకునే సినిమాలు ప్రతి భాషలోనూ ఉన్నాయి. కాబట్టి కన్నీరు పెట్టించడం ఒక్కటే యుద్ధ చిత్రానికి యోగ్యత కాజాలదు. చూపు శోకం దాకా వెళ్లాక ఎక్కడికి మళ్లుతుందన్నది అసలు చిక్కు.

క్లీమోవ్ తన చిత్రం చివరి ఘట్టంలో ఈ చిక్కునే ఎదుర్కొన్నాడు. ముఖం ముడతలు పడి ముసలివాడిలా మారిపోయిన ఫ్ల్యోరా బురదలో పడి ఉన్న హిట్లర్ చిత్రపటాన్ని చూస్తాడు. చిత్రంలో అతను తుపాకీ పేల్చడం అదే మొదటిసారి. ఒక్కొక్క గుండు పేలుతుంటే పాత వార్తాచిత్రాల దృశ్యాలు వెనక్కి నడుస్తాయి: కూలిన భవనాలు లేచి నిలబడతాయి, సైన్యాలు వెనకడుగు వేస్తాయి, హిట్లర్ వయస్సు తగ్గుతూ వస్తుంది. చివరకు తెర మీద మిగిలేది తల్లి ఒడిలో ఉన్న పసివాడి ఫొటో. ఫ్ల్యోరా చెయ్యి ఆగిపోతుంది. ఊరుభంగంలో కూర్చోవడానికి ఒడి లేని పిల్లవాడు, ఇక్కడ ఒడిలో ఉన్న పిల్లవాడు. ఒకచోట శత్రువు కొడుకు, మరొకచోట శత్రువే. ఆ పసివాడు ఏమవుతాడో ఫ్ల్యోరాకు తెలుసు, ప్రేక్షకుడికీ తెలుసు. తెలిసి కూడా అతను పేల్చలేదు.

అయితే అతను తుపాకీని అక్కడ పారేయలేదు. గెరిల్లా దళం కదులుతున్నది. ఫ్ల్యోరా పరుగెత్తి వెళ్లి వరుసలో కలుస్తాడు. మంచు పడిన అడవిలో మొజార్ట్ మృత్యుగీతం వినిపిస్తుండగా దళం నడుస్తూనే ఉంటుంది. కెమెరా కాసేపు వారిని వదిలి చెట్ల మధ్య మరో దారి పడుతుంది, తిరిగి వచ్చి ఆ వరుస వెనుక చేరుతుంది, మెల్లగా కొమ్మల మీదుగా ఆకాశం వైపు లేస్తుంది.